వంటింటి గట్టుకు ఏ రాయి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. ఏటా ఈ సభలో కరువు భత్యం గురించి, బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీరు ఇంజనీరింగు శాఖలో చేశారు కదా! మన సభ్యుల్లో కొందరు ఇల్లు కట్టుకుంటున్నారు, కొందరు పిల్లలకు కట్టిస్తున్నారు. వంటింటి బండల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెబితే ఆమె ఒక్క నిమిషం నావంక చూసి, "మీరా? వంటింటి బండల గురించా?" అని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో ముందు చెప్పి, ఆ తర్వాత అసలు విషయానికి వస్తాను.

మన ఊరి పేరులోనే రాయి ఉంది. ఓరుగల్లు అంటే ఒంటిరాయి. సంస్కృతంలో ఏకశిలానగరం. కోటలో ఆ ఒంటిగుట్ట ఇప్పటికీ ఉంది. హనుమకొండ పద్మాక్షి గుట్ట, మడికొండ మెట్టుగుట్ట, ఎటు చూసినా రాళ్లే. ఇంత రాతి నడుమ పుట్టి పెరిగి, ముప్పైనాలుగేళ్లు చెరువు తూములు, బడి భవనాలు కట్టించిన నేను, నా సొంత వంటింటికి సరైన రాయి ఎంచుకోలేకపోయాను. అదీ కథ.

1994లో హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాం. జి.పి.ఎఫ్. నుంచి అడ్వాన్సు, శాఖ ఇచ్చిన ఇంటి అప్పు, మా ఆవిడ మెడలోని రెండు పేటల గొలుసు, అన్నీ కలిపితే ఇల్లయింది. ఆ రోజుల్లో మా పై అధికారి ఇంట్లో తెల్లటి పాలరాయి చూశాను. పాలమీగడలా మెరిసిపోతోంది. నా వంటింటికీ అదే వేయించాలని పట్టుపట్టాను. ఆవిడను ఒక్కమాట అడగలేదు. గట్టు ఎంత ఎత్తు పెట్టాలని మేస్త్రి అడిగితే, "అందరికీ ఎంత పెడతావో అంతే పెట్టు" అన్నాను. ఆ గట్టు ముందు రోజుకు ఆరుగంటలు నిలబడే మనిషి పక్కగదిలోనే ఉంది. అయినా పిలవలేదు.

గృహప్రవేశం అయిన వారానికే గట్టుమీద ఒక గుండ్రటి మచ్చ కనపడింది. పచ్చిపులుసు గిన్నె పెట్టిన చోటు. మెరుపు పోయి, సుద్దముక్కలా పాలిపోయింది. ఆవిడ అది మురికి అనుకుంది. సబ్బుతో రుద్దింది, పోలేదు. ఇత్తడి బిందెలు చింతపండుతోనే కదా తళతళలాడతాయి, అదే పెట్టి రుద్దింది. మచ్చ ఇంకా పెద్దదయింది. చివరికి స్నానాల గదిలో వాడే యాసిడ్ నీళ్లు తెచ్చి పోసింది. బుసబుసమని నురగ వచ్చి, అక్కడ రాయి చేతికి గరుకుగా తగిలేటట్లు తయారయింది.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూసి, నేనేమన్నానో ఈ సభలో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. "ఇంత ఖరీదైన రాయి వేయిస్తే వారం రోజులు కాపాడలేకపోయావు" అన్నాను. ఆవిడ మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆ మచ్చల మీద పాత వార్తాపత్రిక పరిచి వంట చేసేది. చుట్టాలు వస్తే పత్రిక తీసి, శుభ్రమైన గుడ్డ కప్పేది. ఏళ్ల తరబడి అలాగే సాగింది.

ఆ మచ్చ ఆవిడ తప్పు కాదని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆ తెలిసిన విషయమే ఇవాళ మీతో పంచుకుంటాను.

రాళ్లలో రెండు జాతులు

భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్లను ఎన్నో రకాలుగా విభజిస్తారు. వంటింటి గట్టుకు సంబంధించినంత వరకు మనకు రెండే జాతులు. పులుపుకు లొంగేవి, లొంగనివి.

పాలరాయి, కడప బండ, బేతంచెర్ల రాయి, తాండూరు బండ, షాబాదు బండ, కోటా రాయి... ఇవన్నీ సున్నపు జాతి రాళ్లు. వీటిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, అంటే మనం గోడలకు వేసే సున్నానికి మూలపదార్థం. ఆమ్లం తగిలితే ఇది కరిగిపోతుంది, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా పైకి వస్తుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం ఉంటాయి. ఇవి తగిలినచోట పాలిష్ చేసిన పైపొర కరుగుతుంది. అందుకే మెరుపు పోతుంది. అది రాతి మీద పడిన మురికి కాదు, రాయే పోవడం. పోయిన రాయి సబ్బుతో తిరిగి రాదు. మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే.

ఇక ఆలోచించండి. మన వంటింట్లో పులుపు లేని రోజు ఉంటుందా? పచ్చిపులుసు, చారు, పప్పుచారు, మామిడికాయ తొక్కు, నిమ్మకాయ పులిహోర, మజ్జిగచారు. పాలరాయి గట్టు మీద ఇవన్నీ వండమనడం, ఉప్పుమూట ఇచ్చి వానలో నిలబడమన్నట్లే.

రెండో జాతి గ్రానైటు. అందులో ఉండేవి స్ఫటిక శిల, అంటే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కొంచెం అభ్రకం వంటి ఖనిజాలు. మన వంటల పులుపు వీటిని ఏమీ చేయలేదు. గట్టిదనంలోనూ తేడా ఉంది. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలతలో సున్నపురాతి ఖనిజం 3 దగ్గర, ఫెల్డ్‌స్పార్ 6 దగ్గర, క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటాయి. కూరగాయల కత్తి సుమారు అయిదున్నర. అంటే కత్తి జారితే పాలరాయి మీద గీత పడుతుంది, గ్రానైటు మీద మీ కత్తే మొద్దుబారుతుంది.

మరి కడప బండ పనికిరాదా అంటే, బంగారంలా పనికొస్తుంది, తగినచోట పెడితే. గట్టు కింద ఆధారంగా, సామాన్ల అరలుగా, మిద్దె మీద, పెరట్లో అది తక్కువ ధరలో మంచి రాయి. తాండూరు, షాబాదు బండలు నేలకు చల్లగా, కాలికి పట్టుగా ఉంటాయి. ముసలివాళ్లు జారిపడకుండా ఉండాలంటే అద్దంలా మెరిసే నేలకంటే ఇవే నయం. ఏ రాయి చెడ్డది కాదు. దాన్ని తనది కాని చోట పెట్టడమే చెడ్డ.

ఈ మాట మన పూర్వులకు బాగా తెలుసు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన మన రామప్ప గుడి చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. గోడలకు ఎర్రటి ఇసుకరాయి. బరువు మోసే, సన్నటి చెక్కడం నిలవాల్సిన స్తంభాలకు, దూలాలకు గ్రానైటు, నల్ల డోలరైటు. పైన విమానానికి మాత్రం నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలు. ఒకే గుడిలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క పదార్థం. వాళ్లకున్న ఆ ఇంగితం వందల ఏళ్ల తర్వాత పుట్టిన ఈ ఇంజనీరుకు లేకపోయింది.

నల్లగా ఉన్నదంతా ఒకటి కాదు

మన చుట్టుపక్కల దొరికే రాళ్లు ప్రపంచ దేశాలకు పోతున్నాయి. కరీంనగర్ జిల్లా టాన్ బ్రౌన్, అంటే ముదురు గోధుమరంగులో ఎర్రటి పెద్ద పలుకులున్న రాయి, పేరున్నది. వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో నల్లరాయి దొరుకుతుంది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ దొరుకుతుంది. నల్లటి రాతిలో బంగారు చుక్కలు, అమావాస్య నాటి ఆకాశంలా ఉంటుంది. ఆ చుక్కలు బంగారమూ కాదు, అద్దిన రంగూ కాదు. బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపు.

వ్యాపారులు వీటన్నిటినీ గ్రానైటు అనే అంటారు. శాస్త్రం ప్రకారం నల్లరాళ్లలో చాలావరకు గ్రానైటు కాదు, డోలరైటు, గాబ్రో జాతివి. దానివల్ల మనకు నష్టమేమీ లేదు. ఇవి బాగా దట్టమైన రాళ్లు, నీటిని, నూనెను చాలా తక్కువగా పీలుస్తాయి. పసుపు, నూనె, కారం నిత్యం చిందే మన వంటింటికి మంచి నల్లరాయి, లేదా టాన్ బ్రౌన్ లాంటి ముదురు రంగు రాయి నిశ్చింత.

తెలుపు, లేత రంగు గ్రానైట్లు చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కాని వాటిలో కొన్ని రకాలు పసుపునీ నూనెనీ పీల్చుకుంటాయి. అవే కావాలనుకుంటే, నీరు ఇంకకుండా చేసే సీలర్ ద్రావణం పట్టించుకుని, అప్పుడప్పుడు మళ్లీ పట్టిస్తూ ఉండాలి. నల్లరాయికి ఉన్న చిక్కు వేరే. నీటి చుక్క ఎండితే తెల్లమచ్చ కనిపిస్తుంది. పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఏ సుఖానికి ఆ కష్టం ఉంటుంది.

కొట్టుకు వెళ్లేటప్పుడు సంచిలో ఏం పెట్టుకోవాలి?

బండల కొట్టుకు వెళ్లేటప్పుడు చాలామంది చెక్కుబుక్కు ఒకటే తీసుకెళ్తారు. ఇంకొన్ని వస్తువులు చెబుతాను, రాసుకోండి. ఒక నిమ్మకాయ, ఒక సీసా నీళ్లు, తెల్ల గుడ్డముక్క, గోళ్లరంగు తుడిచే ద్రావణం, ఒక రూపాయి బిళ్ల, టేపు. కొట్టు యజమానిని ముందుగా అడిగి, పక్కన పడేసిన ముక్క మీదో, బండ వెనకవైపో పరీక్షలు చేయండి. నిజాయితీగా అమ్మేవాడు కాదనడు.

మొదటిది నిమ్మకాయ. పాలిష్ చేసిన ముక్క మీద రసం పిండి పది నిమిషాలుంచి తుడవండి. నురగ వచ్చినా, నురగ లేకపోయినా ఆ చోట మెరుపు తగ్గినా, అది సున్నపు జాతి. గట్టుకు వద్దు. వీలైతే ఆ రాతి ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకుని, ఒక రాత్రంతా దానిమీద చింతపండు రసం, నూనెలో కలిపిన పసుపు ఉంచి చూడండి. వంటింట్లో ముప్పై ఏళ్లలో జరగబోయేది ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది.

రెండోది నీళ్లు. గుక్కెడు పోసి పదిహేను నిమిషాలు చూడండి. కింది రాయి రంగు ముదిరితే నీరు పీలుస్తోందని అర్థం. ఆ తర్వాత బండంతా తడిపి, ఆరేటప్పుడు గమనించండి. సన్నటి పగులుంటే అందులో తడి నిలిచి, గీతగా చివరికి ఆరుతుంది. కంటికి కనపడని వెంట్రుకవాసి పగులును పట్టుకునే ఉపాయం ఇది.

మూడోది గుడ్డముక్క. కొన్నిచోట్ల బూడిదరంగు రాయికి నల్లరంగు పూసి, అసలు నల్లరాయి అని అమ్ముతారు. గుడ్డను గోళ్లరంగు తుడిచే ద్రావణంలో తడిపి గట్టిగా రుద్దండి. నలుపు గుడ్డకు అంటితే అది రంగే. పూసిన రంగు రెండు మూడేళ్లలో స్టౌ దగ్గర, సింకు దగ్గర వెలిసిపోయి, గట్టు బొల్లి పట్టినట్లు కనిపిస్తుంది.

నాలుగోది రూపాయి బిళ్ల. బండను నిలబెట్టి, బిళ్లతో అక్కడక్కడా తట్టండి. మంచి బండ కణకణమంటుంది. పగులు ఉన్నచోట బొదబొదమంటుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మలు చేసే పరీక్షే ఇది. వెనకవైపు వల లాంటిది అంటించి ఉంటే, ఎందుకు అంటించారో అడగండి. కొన్ని పెళుసు రాళ్లకు బలం కోసం అంటిస్తారు, అది తప్పేమీ కాదు. కాని ఎక్కువ పగుళ్లను జిగురుతో నింపి కప్పిపెట్టినా అలాగే ఉంటుంది.

అయిదోది వెలుతురు. కొట్టు లోపలి దీపాల కింద నిర్ణయించవద్దు. బండను ఎండలోకి తెప్పించండి. ఒక మూల నుంచి ఏటవాలుగా చూడండి. కరెంటు తీగ నీడ దానిలో తిన్నగా కనిపిస్తే పాలిష్ బాగుంది, వంకరటింకరగా కనిపిస్తే బండ ఎగుడుదిగుడుగా ఉంది. ఒకే రకం రాయైనా ఒక్కో బండ రంగు ఒక్కోలా ఉంటుంది. నమూనా ముక్క చూసి డబ్బు కట్టి రాకండి. మీకు నచ్చిన బండల మీదే సుద్దతో మీ పేరు రాయించి రండి.

లెక్కల దగ్గర జాగ్రత్త

ఇక కొలతలు. మన జీవితమంతా పే బిల్లుల్లో పైసల తేడా పట్టుకున్నవాళ్లం. అడుగుల దగ్గర మాత్రం కళ్లు మూసుకుంటాం.

ఎల్ ఆకారపు గట్టు ఉందనుకోండి. ఒక గోడ వెంట 9 అడుగులు, రెండో గోడ వెంట 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు. చాలామంది 9 రెళ్లు 18, 6 రెళ్లు 12, మొత్తం 30 చదరపు అడుగులని రాస్తారు. కాని మూల రెండుసార్లు లెక్కకు వచ్చింది. 2 అడుగుల చదరం, అంటే 4 చదరపు అడుగులు తీసేయాలి. సరైన లెక్క 26. కోతలో పోయే తరుగు వేరే సంగతి, దాన్ని విడిగా అడిగి రాయించుకోండి.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ధర మొత్తం బండకా, మనం వాడుకునే మేరకా? మిగిలిన ముక్కలు ఎవరివి? అంచు గుండ్రంగా తిప్పి పాలిష్ పట్టే కూలి, సింకుకూ స్టౌకూ కోత కూలి, రవాణా, పన్ను... ఇవి ధరలో కలిసి ఉన్నాయా, విడిగానా? చివరికి బిల్లు ఇస్తారా? బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే సంతోషపడకండి. రేపు బండ పగిలితే మన చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.

మందం 18 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 20 అయితే మేలు. టేపు పెట్టి నాలుగు అంచుల దగ్గరా కొలవండి. 20 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. నల్లరాయి ఇంకొంచెం ఎక్కువ. ఇందాకటి 26 అడుగుల గట్టు దాదాపు 130 కిలోలు. దానిమీద నిండు కుక్కరు, బియ్యం డబ్బా, పండుగనాడు సకినాల పిండి ముద్ద. అందుకే కింద ఆధారం గట్టిగా ఉండాలి. ముఖ్యంగా సింకు కోసిన చోట ముందువైపు మిగిలే సన్నటి పట్టీ బలహీనమైనది. దాని కింద ఆధారం లేకపోతే పగులు అక్కడే మొదలవుతుంది. సింకు కోత మూలలు గుండ్రంగా ఉండాలి. పదునైన మూల నుంచి పగులు పాకుతుంది. ముందు అంచు కింద సన్నటి గాడి ఒకటి కొట్టించండి. గట్టుమీద ఒలికిన నీరు కింది అరల్లోకి జారకుండా అక్కడే తెగి పడుతుంది.

ఎత్తు ఎవరిది?

ఇది రాతికి సంబంధించింది కాదు, కాని రాతికంటే ముఖ్యమైనది. గట్టు ఎత్తుకు అందరికీ వర్తించే కొలత లేదు. ఎక్కువగా వంట చేసే మనిషి చెప్పులు లేకుండా నిలబడి, మోచేయి మడవాలి. నేల నుంచి మోచేతి వరకు కొలిచి, నాలుగు అంగుళాలు తగ్గించండి. అదే గట్టు ఎత్తు, రాయి మందంతో కలిపి.

మా ఆవిడ ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. ఆ లెక్కన ఆమెకు 32 అంగుళాల గట్టు చాలు. మేస్త్రి అందరికీ పెట్టినట్లే 35 పెట్టాడు. ఆవిడ ఒక చెక్కపీట వేసుకుని, దానిమీద నిలబడి వండింది. స్టౌ దగ్గర నుంచి సింకు దగ్గరకు, పీట దిగడం, కాలితో జరపడం, ఎక్కడం. 1994 నుంచి 2022 వరకు, ఇరవై ఎనిమిదేళ్లు. భుజం నొప్పి అని ఎప్పుడైనా అంటే మందు రాసుకోమన్నాను. నేను రోజూ అదే వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగేవాణ్ని. పీట చూస్తూనే ఉన్నాను. అది ఎందుకుందో ఒక్కసారి కూడా అడగలేదు.

కోత కోసేవాళ్ల ఊపిరితిత్తులు

ఇంకో మాట. బండలు ఇంట్లో పెట్టి మిషనుతో పొడిగా కోస్తే ఇల్లంతా తెల్లటి దుమ్ము లేస్తుంది. గ్రానైటులో ఉండే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. కంకర మిషన్ల దగ్గర దగ్గుతూ పనిచేసే వాళ్లను నేను ఉద్యోగంలో చూశాను. కాబట్టి వీలైనంత కోత కొట్టులోనే నీళ్లతో చేయించి తెప్పించుకోండి. ఇంట్లో కోయక తప్పకపోతే, బయట, నీళ్లు పోస్తూ కోయమనండి. మంచి మాస్కులు మనమే కొనివ్వాలి. కోసే పిల్లవాడికీ ఇల్లుంది, అతనికీ ముసలితనం రావాలి. మనింట్లో ఆస్తమా ఉన్న పెద్దలకూ ఇదే రక్ష.

ఈ మధ్య క్వార్ట్జ్ గట్లు అని కొత్తవి వస్తున్నాయి. ఇవి కొండ నుంచి నేరుగా కోసిన బండలు కావు. క్వార్ట్జ్ పొడిని ప్లాస్టిక్ జిగురుతో కలిపి తయారుచేసినవి. మరక త్వరగా పట్టదు, రంగులు బాగుంటాయి. కాని పొయ్యి మీది మూకుడు దించి నేరుగా పెడితే జిగురు కమిలి మచ్చ పడవచ్చు. వీటిలో సిలికా చాలా ఎక్కువ కాబట్టి, కోసే కార్మికులకు జబ్బులు వస్తున్నాయని ఆస్ట్రేలియా దేశం 2024 జూలై 1 నుంచి వీటిని నిషేధించింది. తెలిసి నిర్ణయించుకోండి.

ఇప్పటికే పాలరాయో కడప బండో ఉన్నవాళ్లు దిగులుపడవద్దు, పగలగొట్టనూ వద్దు. పులుపు గిన్నెల కింద పళ్లెం పెట్టండి, ఒలికితే వెంటనే తుడవండి, మెరుపు పోయినచోట మళ్లీ పాలిష్ పట్టించండి. నూనె మరక అయితే తినే సోడాను నీళ్లతో ముద్దగా కలిపి, మరకమీద మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒకరోజు ఉంచి తీయండి. ఒకటి రెండుసార్లు చేస్తే తగ్గుతుంది. యాసిడ్ మాత్రం ఏ రాతి మీదా పోయవద్దు. రాయి తట్టుకున్నా అతుకుల్లోని సిమెంటు తట్టుకోదు. గ్రానైటుకైతే కొంచెం సబ్బునీళ్లు, పొడిగుడ్డ చాలు.

మిగిలిన ముక్కలను పారేయకండి. కిటికీ గూళ్లకు, తులసికోట చుట్టూ, దేవుడి అరకు వాడండి. ఇక్కడి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. కరీంనగర్ వైపు బస్సులో వెళ్తే, మన చిన్నతనంలో చూసిన గుట్టలు కొన్ని ఇప్పుడు సగమే మిగిలి కనిపిస్తాయి. ఒక గుట్ట మళ్లీ పుట్టదు. అవసరమైనంతే తీసుకుందాం, తీసుకున్నది రెండు తరాలు వాడుకుందాం.

చివరిగా ఒక్కమాట

2022లో మా అబ్బాయి, పాత ఇల్లు తాను ఉంచుకుని, వెనక ఉన్న ఖాళీ జాగాలో మా ఇద్దరి కోసం మెట్లు లేని రెండు గదుల ఇల్లు కట్టించాడు. ఈసారి బండల కొట్టుకు మా ఆవిడను తీసుకుని వెళ్లాను. నాకు బ్లాక్ గెలాక్సీ నచ్చింది. ఆవిడ మాట్లాడకుండా సంచిలోంచి ఒక చిన్న స్టీలు డబ్బా తీసింది. అందులో పచ్చిపులుసు! నాలుగు రకాల రాళ్ల ముక్కల మీద తలా ఒక చెంచా పోసి, కుర్చీ వేయించుకుని కూర్చుంది. అరగంట తర్వాత తుడిచి చూసి, టాన్ బ్రౌన్ మీద చెయ్యి పెట్టింది. "మీరు చెప్పిందీ బాగానే ఉంది. కాని నాకు కళ్లు మందగించాయి. మరీ నల్లటి గట్టుమీద ఆవాలు పడితే కనపడవు" అంది. ముప్పైనాలుగేళ్ల ఇంజనీరింగు అనుభవంలో ఆ సంగతి నాకు తట్టలేదు.

మేస్త్రి ఎత్తు అడిగినప్పుడు, నేను టేపు పట్టుకుని ఆవిడ మోచెయ్యి కొలిచాను. అప్పుడే చెప్పాను, "ఆ పాలరాతి మచ్చ నీ తప్పు కాదు. రాయి గుణం. ఎంచుకున్న నాది తప్పు" అని. ఆవిడ కాసేపు ఆగి, "ఇన్నాళ్లూ నేనే పాడుచేశాననుకున్నాను" అంది. అంతే. ఆ తర్వాత మేస్త్రికి టీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయింది.

మిత్రులారా! మనకు గ్రాట్యుటీ ఒక్కసారే వస్తుంది, కమ్యుటేషన్ ఒక్కసారే వస్తుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని ఊరికే అనలేదు. ఆ డబ్బు రాతిమీద పెట్టేముందు నిమ్మకాయతో పరీక్షించండి, నీళ్లతో పరీక్షించండి, టేపుతో కొలవండి. వాటన్నిటికంటే ముందు, ఆ గట్టు దగ్గర నిలబడే మనిషిని అడగండి. కోడలైతే కోడల్ని, వంట మీరే చేసుకుంటుంటే మీ మోచేతినే అడగండి.

ఇవాళ ఈ సభకు మా ఆవిడ కూడా వచ్చింది. మూడో వరసలో కూర్చుంది. ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చి అన్న మాటకు మీ అందరి ఎదుట క్షమాపణ చెప్పుకుంటున్నాను. నలుగురిలో చెప్పినందుకు ఇంటికి వెళ్లాక చీవాట్లు తప్పవని తెలుసు. వాటికి సిద్ధపడే వచ్చాను.